పారబోత నీరు పశువుకా?

మన పల్లెలలో ఈనాడు ఏ వీధిలోనికి పోయినను ఇరవై లీటర్ల నీటి డబ్బాలు కనబడుచున్నవి. ఊరి నడుమనో, పంచాయతీ కార్యాలయము పక్కనో ఒక వాటర్ ప్లాంటు, దానిలో ఒక ఆర్.ఓ. యంత్రము ఉండును. బోరు నీరు దానిలోనికి పోవును. ఒక గొట్టము నుండి తాగునీరు డబ్బాలలోనికి వచ్చును. దానికి రెండవ గొట్టము కూడ ఒకటి ఉన్నది. దానిని గురించి ఎవరును మాట్లాడరు. ఆ గొట్టము గోడ వెనుకకు పోయి, కొన్ని ఊళ్లలో మురుగుకాలువలో కలియును. కొన్ని ఊళ్లలో తిన్నగా పశువుల తొట్టిలోనికే చేరును. ఇండ్లలో చిన్న యంత్రములు బిగించుకొన్నవారు కూడ వంటింట్లో ఆ రెండవ గొట్టము కింద బకెట్టు పెట్టి, నిండిన బకెట్టును తెచ్చి గేదె ముందు గాబులోనో, పెరటి కోళ్ల మూకుట్లోనో పోయుచున్నారు. నీళ్లు వృథా పోనీయకూడదు గదా అని వారి మాట.

ఆ మాట మంచిదే గాని ఆ పని మంచిది కాదు. రైతు సోదరులకు నేను చెప్పదలచినది ఇది: పశువుకు డబ్బా నీరు కొని పోయనక్కరలేదు. డబ్బా నింపగా మిగిలిన నీటిని మాత్రము పోయనే కూడదు. ఈ రెంటికి నడుమ, పెద్ద ఖర్చు లేని మంచి నీరు మన ఊళ్లలో చాలా చోట్ల ఉన్నది. దానిని ఎంచుకొనుటలో మనము శ్రద్ధ చూపుట లేదు.

యంత్రము చేయు పని ఏమో తెలిసికొన్నచో సంగతి సులభముగా బోధపడును. ఆర్.ఓ. యంత్రము నీటిలోని ఉప్పును గాని ఫ్లోరైడును గాని లేకుండ చేయదు. ఒక పక్కకు నెట్టును, అంతే. చేటతో చెరిగినప్పుడు బియ్యము ఒకవైపు, ఊక ఒకవైపు చేరినట్లే, మంచి నీరు మొదటి గొట్టములోనికి, మిగిలిన నీటితోపాటు లవణములు దాదాపు అన్నియు రెండవ గొట్టములోనికి పోవును. బోరు నీటిలో లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్నదనుకొందము. యంత్రము నూరు లీటర్లు తీసికొని ఏబది లీటర్ల తాగునీరు ఇచ్చినది. నూరు లీటర్లలో ఉన్న 300 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఏమైనది? కొద్దిపాటి తప్ప అంతయు మిగిలిన ఏబది లీటర్లలోనే ఉన్నది. అనగా లీటరుకు సుమారు 6 మిల్లీగ్రాములు. మీరు తాగుటకు భయపడి యంత్రమునకు పంపిన నీటికంటె రెండింతలు చెడిన నీరు మీ గేదె తాగుచున్నదన్నమాట.

ఇంటి యంత్రములలో నాలుగు లీటర్లకు ఒక్క లీటరు మాత్రమే తాగునీరుగా వచ్చి, మూడు లీటర్లు బయటికి పోవునవి చాలా కలవు. అట్టి చోట పారబోత నీటిలో ఫ్లోరైడు 3 నుండి 4కు పెరుగును. ఇందులో ఒక విచిత్రము గమనించండి. నీటిని ఎంత పొదుపుగా వాడు యంత్రమైతే దాని పారబోత నీరు అంత చెడ్డది. 2019 మే నెలలో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ యంత్రములను గురించి ఆదేశమిచ్చుచు, పోసిన నీటిలో 60 శాతమునకు తగ్గకుండ తాగునీరు రావలెనని, లీటరుకు 500 మిల్లీగ్రాముల కంటె తక్కువ లవణములున్న నీటికి ఈ యంత్రములను వాడనీయరాదని చెప్పినది. నీటి పొదుపు దృష్టితో చూచినచో అది సరియైన మాటే. కాని 60 శాతము తీయు యంత్రమున ఆ 300 మిల్లీగ్రాములును మిగిలిన 40 లీటర్లలో చేరును. లెక్క వేసినచో లీటరుకు ఏడున్నర! యంత్రము మెరుగుపడిన కొలది పశువు విషయమున మన జాగ్రత్త పెరుగవలెను. ఇది చాలక, యంత్రములోని పొరలను అప్పుడప్పుడు ఆమ్లముతోను క్షారముతోను కడుగుదురు. గొట్టము తొట్టికే పోవు ఊళ్లలో ఆ కడుగునీరు ఎక్కడికి పోవుచున్నదో ప్లాంటు నడుపువారిని అడిగి చూడండి.

పశువు తాగు నీటి కొలత కూడ మనస్సున ఉంచుకొనవలెను. మనిషి రోజుకు మూడు లీటర్లు తాగునేమో. పాడి గేదె వేసవిలో 60 నుండి 80 లీటర్ల వరకు తాగును. బరువులో మనిషికి పది రెట్లున్న జీవి నీటిలో ఇరవై రెట్లకు మించి తాగుచున్నది. కనుక ఒకే బోరు నీరు తాగినను, బరువును బట్టి చూచినచో మనిషి కంటె పశువు ఒంటిలోనికే ఫ్లోరైడు ఎక్కువగా చేరును. మరి యంత్రపు నీరే పశువుకు కూడ పోయుదమా? డబ్బా పది రూపాయలే అనుకొన్నను, ఒక్క గేదెకు రోజుకు మూడున్నర డబ్బాలు, అనగా 35 రూపాయలు, నెలకు వెయ్యికి పైన. ఆ గేదె ఇచ్చు పాలలో అంత ఖర్చు భరించు లాభము ఎందరికి మిగులుచున్నదో మీకే తెలియును. అంత శుద్ధి పశువుకు అవసరము కూడ లేదు. మనుష్యుల తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు వరకు ఉండవచ్చునని, వేరే నీరు దొరకనిచోట 1.5 వరకు ఓర్చుకొనవచ్చునని మన దేశపు ప్రమాణము. పశువుల నీటిలో 2 మిల్లీగ్రాములు దాటకున్న చాలునని పశుపోషణ శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆ మేరకు మంచి నీటికి యంత్రము అక్కరలేదు.

ఫ్లోరైడు మాట రాగానే మనకు నల్గొండ జిల్లా గుర్తుకు వచ్చును, మర్రిగూడ వైపు వంగిపోయిన కాళ్లతో నడచు మనుష్యుల ఛాయాచిత్రములు గుర్తుకు వచ్చును. అయితే ఈ వ్యాధిని మన దేశమున మొట్టమొదట చూపినది పశువులేనను సంగతి చాలామందికి తెలియదు. 1930 దశకపు ఆరంభమున మన తెలుగు జిల్లాల రైతులు తమ ఎద్దులు కీళ్లు బిగిసికొనిపోయి అడుగు వేయలేకపోవుట గమనించిరి. మనుష్యులలో ఇదే జబ్బును వైద్యులు గుర్తించి ప్రకటించినది 1937లో. అది నాటి మద్రాసు రాష్ట్రములోని నెల్లూరు జిల్లా పల్లెలను చూచి వ్రాసిన సంగతి. ఎద్దు ముందు కుంటినది, తరువాత మనిషి కుంటినాడు. ఎనుబది ఏండ్లు దాటిన తరువాత మనము మనిషికి వేరే నీరు చూపి, ఎద్దుకు మునుపటి కంటె చెడ్డ నీరు చూపుచున్నాము.

మా తాతల నాటి నుండి పశువులు ఈ ఊరి నీరే తాగుచున్నవి, ఏమైనది అని కొందరందురు. తాతలు తోడినది ముప్పది నలుబది అడుగుల మోటబావి నీరు. మీరు తోడుచున్నది మూడువందలు, ఐదువందలు, ఇంకను లోతైన బోరు నీరు. మన మెట్ట ప్రాంతములలో అడుగున ఉన్నది నల్లరాయి. ఆ రాతిలో ఫ్లోరైడు గల ఖనిజములు సహజముగనే ఉన్నవి. నీరు ఆ రాతి పగుళ్లలో ఎంతకాలము నిలిచియుండునో అంతగా ఫ్లోరైడును కరిగించుకొనును. వాన పడిన ఏడాదిలోనే పైకి వచ్చు బావి నీటికి, ఏండ్ల తరబడి అడుగున నిలిచియున్న నీటికి భేదమిక్కడనే ఉన్నది.

రుచి చూచి ఈ భేదము చెప్పలేము. పప్పు త్వరగా ఉడికి, సబ్బు బాగుగ నురుగు వచ్చిన నీరు మంచిదని మన ఇండ్లలో ఒక నమ్మకము కలదు. సున్నపు అంశము తక్కువగా ఉన్నప్పుడు నురుగు బాగుగ వచ్చును. ఫ్లోరైడు ఎక్కువగా కరిగియుండునది తరచుగా సున్నపు అంశము తక్కువైన అట్టి నీటిలోనే. కాబట్టి నురుగును చూచి మోసపోకండి. కాచినందువలన కూడ ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియై తగ్గును గనుక మిగిలిన నీటిలో ఇంకొంత పెరుగును. చేతిలో పట్టుకొని ముంచు టి.డి.ఎస్. మీటరు అమ్మకమునకు వచ్చినది, చాలా ఇండ్లలో ఉన్నది. అది మొత్తము లవణములను చూపును గాని ఫ్లోరైడును విడిగా చూపదు, క్రిములను అసలే చూపదు. అంకె చిన్నదిగా ఉన్నదని నిశ్చింతగా ఉండుటకు వీలులేదు.

ఇక హాని ఏ విధముగ కనబడునో చెప్పెదను, ఎందుకనగా ఇది ఒక్క రోజున బయటపడునది కాదు. దూడకు పాలపళ్లు ఊడి మొదటి జత పళ్లు వచ్చునప్పటికి సుమారు రెండేండ్లు, ఎనిమిది పళ్లు నిండునప్పటికి నాలుగేండ్లు దాటును. కాని ఆ పళ్లు దవడలోపల ఎంతో ముందు నుండియే ఏర్పడుచుండును. ఆ కాలమున తాగిన నీటిలోని ఫ్లోరైడు పంటి పైపూతను చెరచును. పళ్లు సుద్దవలె తెల్లబారి, తరువాత గోధుమరంగు, నలుపు గారలు పడి, మెత్తబడి త్వరగా అరిగిపోవును. అట్టి పశువు చల్లని నీరు నోటికి తగులగానే జంకును; గుక్క తిప్పుకొనక తాగవలసినది నాలుకతో కొంచెము కొంచెముగా తీసికొనును. మేత సరిగా నమలలేదు. ఆరోగ్యముగా పెరిగినట్లు కనబడిన కోడె సంతకు పోయినప్పుడు ఏమగునో ఊహించండి. బేరగాడు మొదట చేయుపని పెదవి ఎత్తి పళ్లు చూచుట. అరిగిన పళ్లు చూచి నాలుగేండ్ల కోడెను ముసలిదని ధర కట్టును. అతనిని తప్పుపట్టి లాభమేమున్నది?

పళ్ల తరువాత ఎముకలు. కాళ్ల ఎముకలపైన, పక్కటెముకలపైన, దవడపైన బుడిపెలు లేచును. ఒకనాడు కుంటి మరునాడు బాగుండి, మరల కుంటును. రైతు గిట్టలో ముల్లు దిగినదనుకొనును, వాతమనుకొనును, వాతలు కూడ పెట్టించును. పాపము, ఆ వాతల బాధ మూగజీవికి అదనము. ఏర్పడిన ఫ్లోరోసిస్‌కు మందు లేదు. నీరు మార్చుట, మేతలో సున్నపు అంశము గల ఖనిజ మిశ్రమమును కలుపుట మాత్రమే మన చేతిలోని పని. ఆ మిశ్రమమును కొనునప్పుడు కూడ ఒక మాట: ఎరువుగా వాడు రాక్ ఫాస్ఫేటును చవకగా వచ్చునని దాణాలో కలుపరాదు, దానిలో ఫ్లోరైడు ఉండును.

దీనినిబట్టి, మంచి నీరు చాలినంత లేనప్పుడు ముందు ఎవరికి పోయవలెనను ప్రశ్నకు సమాధానము దొరకుచున్నది. మన అలవాటు పాడి గేదెకు ముందు, దూడలకు చివర. ఫ్లోరైడు ఊళ్లలో ఈ వరుస తలక్రిందులు కావలెనని నా అభిప్రాయము. పాలు విడిచి నీరు తాగ మొదలుపెట్టిన దూడలకు, ఎనిమిది పళ్లు నిండని పెయ్యలకు, కోడెలకు మొదట మంచి నీరు పోయండి. తరువాత చూడి పశువులకు. పళ్లన్నియు వచ్చిన పశువుకు పళ్ల భయము తీరినది, ఎముకల భయము మాత్రము మిగిలియున్నది. దానికి కలిపిన నీరు పోయవచ్చును. దూడ రోజుకు తాగునది తక్కువ నీరు గనుక ఈ వరుస ఖర్చులో కూడ తేలికయే.

కోళ్ల సంగతి వేరు. పెరటి కోడి రోజుకు పావు లీటరు నీరు తాగును, ఎండలలో దానికి రెండింతలు. ఫ్లోరైడును కోడి పశువు కంటె బాగుగ ఓర్చుకొనును, దాని బ్రతుకు కూడ చిన్నది. దానికి పగ ఉప్పుతో. లీటరుకు 3,000 మిల్లీగ్రాములకు మించి లవణములున్న నీరు తాగిన కోళ్లకు రెట్టలు నీళ్లగును, పెరుగుదల తగ్గును. 5,000 దాటిన నీరు కోళ్లకు పనికిరాదు. పశువులు 3,000 వరకు ఇబ్బంది లేకుండ, 5,000 వరకు కొన్నాళ్లు పారుకొనియైనను అలవాటుపడి తాగగలవు. కోడి అంత ఓర్వలేదు. బోరు నీటిలో 1,500 ఉన్నదనుకొన్నచో కోళ్లకు బాధ లేదు. అదే నీరు యంత్రములో సగము పోయి సగము మిగిలినప్పుడు 3,000 దగ్గరకు వచ్చును. పెరటిలోని పది కోళ్లకు పారుడు పట్టినదని మందులకై తిరుగుటకు ముందు మూకుట్లోని నీరు ఎక్కడిదో ఇంటి ఇల్లాలిని అడిగి తెలిసికొనవలెను.

ఇంతకును ఏ నీరు పోయవలెను? నా మొదటి ఎంపిక కుళాయి నీరు, అది నది నుండియో జలాశయము నుండియో వచ్చునదైనప్పుడు. తెలంగాణలో 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర ప్రారంభమైన మిషన్ భగీరథ వలన కృష్ణా, గోదావరి నీరు శుద్ధియై పల్లెలకు వచ్చినది. దేశమంతటికి 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల జీవన్ మిషన్ కింద ఆంధ్రప్రదేశ్‌లో కూడ కుళాయిలు వేసిరి. ఈ నీటిలో వాసన వచ్చుచున్నదని మనుష్యులు మానివేసి డబ్బా నీరు కొనుచున్నారు, పశువుకు యంత్రపు మిగులు పోయుచున్నారు! ఆ వాసన క్లోరిన్‌ది. ఆ కొద్దిపాటి క్లోరిన్ మనిషికి గాని పశువుకు గాని హాని చేయదు. వెడల్పు తొట్టిలో కొన్ని గంటలు నిలిచినచో చాలవరకు ఎగిరిపోవును. అయితే కుళాయికి అడుగున బోరు నీరే కలిపి వదలు ఊళ్లు కూడ కలవు. మీ ఊరి కుళాయి నీరు ఎక్కడిదో మోటారు వేయువానినో పంచాయతీ కార్యదర్శినో అడిగినచో చెప్పును.

కుళాయి చాలని చోట పాత చేదబావిని వెదకండి. చాలా ఊళ్లలో బోర్లు వచ్చిన తరువాత దానిని చెత్తకుండీ చేసితిమి. పూడిక తీయించి, ఒర కట్టించి, చుట్టును మురుగు చేరకుండ చేసినచో పశువులకు అది చక్కని నీరు. పెంటకుప్ప మాత్రము దూరముగా ఉండవలెను. వరద వచ్చినప్పుడో, ఏదైన జీవి పడి చచ్చినప్పుడో నీరు తోడివేసి, ఊరిన తరువాత మంచి బ్లీచింగ్ పొడిని వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల చొప్పున కలుపవలెను. 3 మీటర్ల అడ్డుకొలత గల బావిలో 2 మీటర్ల నీరున్నచో అది సుమారు 14,000 లీటర్లు. 35 గ్రాముల పొడి చాలును. పొడిని బకెట్టు నీటిలో కలిపి, తేరిన నీటిని మాత్రమే పోయండి.

చెరువు, కుంట నీటిలో ఫ్లోరైడు సాధారణముగా తక్కువే. కాని అక్కడ వేరు భయములున్నవి. నీరు తగ్గుచున్నప్పుడు అంచుల బురదలో నత్తలు చేరును. ఆ నత్తల వలన అంచుగడ్డికి పట్టిన కార్జపు జలగల పిల్లలు పశువు కడుపులోనికి పోవును. వేసవిలో నీటిపైన పచ్చరంగు పూసినట్లు తెట్టు కట్టినచో ఆ నీరు విషము కావచ్చును. పురుగుమందు డబ్బాలు కడిగిన చోటి సంగతి చెప్పనక్కరలేదు. పశువులను చెరువులోనికి దింపుటకంటె నీటిని తోడి తొట్టిలో పోయుట మేలు.

వాన నీటిని మనము బొత్తిగా లెక్కచేయుట లేదు. 20 చదరపు మీటర్ల రేకుల కొట్టముపైన ఒక మిల్లీమీటరు వాన పడినచో 20 లీటర్లు. అనంతపురము వంటి చోట కూడ ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు పడును, అనగా 11,000 లీటర్లు. కొంత పోయినను ఎనిమిది వేలకు పైగా దక్కును. రోజుకు ఇరవై లీటర్ల చొప్పున ఒక్క దూడకు ఏడాదికి 7,300 లీటర్లు కావలెను. లెక్క సరిపోవునట్లే యున్నది గాని, వాన కొద్దిరోజులలోనే కురియును, అంత నీరు నిలువచేయు తొట్టి కట్టుట సామాన్యునికి తలకు మించిన పని. కనుక వాన నీటిని ఒంటరిగా వాడుటకంటె కలిపి వాడుట తెలివి. వాన నీటిలో ఫ్లోరైడు లేనట్లే లెక్క. 3 మిల్లీగ్రాముల బోరు నీరు ఒక బకెట్టు, వాన నీరు ఒక బకెట్టు కలిపినచో ఒకటిన్నర అగును. కుళాయి నీటితో కలిపినను ఇదే పద్ధతి. రెండువేల లీటర్ల పీపా ఒకటి ఉన్నచో వానాకాలమున పలుమారులు నిండును. తొలకరిలో మొదటి వానల నీరు మాత్రము పట్టకండి. అది రేకులను కడుగుకొని వచ్చు నీరు.

నీరు ఎంత మంచిదైనను తొట్టి చెడ్డదైన చెడును. పాచి పట్టిన గాబులో కృష్ణా నీరు పోసి ఏమి లాభము? పదిహేను రోజులకొకసారి ఖాళీ చేసి, గీసి కడిగి, లోపల సున్నము పూసి ఆరనిచ్చి నింపవలెను. నీడలో ఉన్న తొట్టికి పాచి తక్కువ పట్టును, నీరు చల్లగా ఉండును, పశువు ఎక్కువ తాగును. కుడితి తొట్టి వేరుగా, మంచినీటి తొట్టి వేరుగా ఉంచండి. కోళ్లకు వెడల్పు మూకుడు పెట్టి, కోడిపిల్లలు పడి మునుగకుండ మధ్యలో రాయి ఉంచి, రోజూ కడుగవలెను. కొక్కెర తెగులు రాకుండ టీకామందును నీటిలో కలిపి తాగించు రోజున క్లోరిన్ గల కుళాయి నీరు, బ్లీచింగ్ కలిపిన నీరు వాడరాదు. టీకాలోని ప్రాణము చచ్చును. ఆనాడు బావి నీరో, కొద్దిగా వెన్న తీసిన పాలపొడి కలిపిన నీరో వాడి, మూకుడును సబ్బు లేకుండ కడుగవలెను.

గ్రామాధికారులకు ఒక విన్నపము. ఉపాధి హామీ నిధులతో కట్టిన పశువుల తొట్లు చాలా ఊళ్లలో ఉన్నవి. కొన్నిటికి నీటి ఏర్పాటు లేక ఎండుచున్నవి. ఎండిన తొట్టిని నింపుటకు ప్లాంటు మిగులు నీరు సులభోపాయముగా తోచును. దయచేసి ఆ ఉపాయమునకు పోవద్దు. ఇప్పటికే అట్టి గొట్టము ఉన్నచో తీయించి, కుళాయి గొట్టమును తొట్టివరకు పొడిగించండి. మిగులు నీటిని మరుగుదొడ్లలో పోయుటకు, వీధి దుమ్ము అణచుటకు వాడవచ్చును. బోరు పక్కన గుంత తీసి అందులో ఇంకించుట మాత్రము తప్పు. తీసివేసిన ఫ్లోరైడే మరల ఆ బోరునకు చేరును. ప్లాంటును ఇచ్చునప్పుడే ఈ నీరు ఎక్కడికి పోవలెనో ఒప్పందములో వ్రాయించుకొన్నచో తరువాత తగవు ఉండదు. ప్లాంటు నడుపువారు ఖర్చు పెరుగునందురు. మంచి నీటికి వెల తీసికొనువారే చెడ్డ నీటి బాధ్యతను కూడ మోయుట న్యాయము.

నీటి పరీక్షకు పెద్ద ప్రయాస లేదు. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలు కలవు. పంచాయతీలకు ఇచ్చిన పరీక్షా పెట్టెలతో ఊళ్లోనే ఫ్లోరైడు చూచుటకు మహిళలకు శిక్షణ ఇచ్చిరి. నమూనాకు లీటరు పట్టు ప్లాస్టిక్ సీసాను అదే నీటితో రెండు మూడుసార్లు తొలిచి, మోటారు కొన్ని నిమిషములు ఆడిన తరువాత నిండుగా పట్టవలెను. బోరు నీరు ఒక సీసా, తొట్టి నీరు ఒక సీసా వేరువేరుగా పట్టి, తేదీ, బోరు లోతు, ఇంటి గుర్తు వ్రాసి అతికించండి. నీటిమట్టము మారినప్పుడు ఫ్లోరైడు కూడ మారును గనుక ఎండాకాలము చివర ఒకసారి, వానలు వెనుకబడిన తరువాత ఒకసారి పంపవలెను. వచ్చిన అంకెను తొట్టి గోడపైన రంగుతో వ్రాయించినచో పశువును తోలుకొని వచ్చిన ప్రతివాడును చూచుకొనును.